తారు రోడ్డు ర్యాలీకి పేస్ నోట్స్ రాయడం, చదవడం ఎలా? విశాఖ ఘాట్ల మీద సాధన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

విశాఖ నుంచి ర్యాలీల్లోకి రావాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా, ఎక్కువగా అడిగేది ఒకటే: "కారు లేదు, డబ్బు లేదు, కానీ కో-డ్రైవర్ సీట్లో కూర్చోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" పేస్ నోట్స్ దగ్గర, అంటే దారిలో ప్రతి మలుపూ ఎలా ఉందో ముందే రాసుకుని, పోటీలో కో-డ్రైవర్ పక్కన కూర్చుని డ్రైవర్‌కు చదివి వినిపించే గుర్తుల దగ్గర మొదలుపెట్టండి. దీనికి రేస్ కారు అక్కర్లేదు. మామూలు కారు, నోట్‌బుక్, పెన్సిల్, ఓపిక ఉంటే చాలు. అరకు ఘాట్ లాంటి బడి మన ఊరికి దగ్గర్లోనే ఉంది.

ఈ మార్గదర్శి తారు ర్యాలీల కోసం రాసినది. మాంటే కార్లో, క్రొయేషియా, జపాన్, కానరీ దీవుల్లాంటి అంతర్జాతీయ ర్యాలీలు జరిగేది ఇలాంటి రోడ్ల మీదే. మట్టి రోడ్డు నోట్స్‌కీ వీటికీ చాలా పోలికలున్నాయి. తేడా వచ్చేది ప్రధానంగా రోడ్డు ఉపరితలం దగ్గర, అందుకే ఆ భాగం మీద ఎక్కువసేపు ఆగుతాను.

1. ముందు చట్టం, తర్వాతే నోట్‌బుక్

ర్యాలీలో వేగంగా నడిపేది ట్రాఫిక్ ఆపేసిన రోడ్డు మీద మాత్రమే. తెరిచి ఉన్న రోడ్డు మీద రేసింగ్ చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతకంటే పెద్ద విషయం, ఆ మలుపు వెనక నుంచి వచ్చేది పిల్లలతో నిండిన ఆర్టీసీ బస్సు కావచ్చు.

సాధనకు వేగం అవసరం కూడా లేదు. అసలు ర్యాలీలో రెక్కీ, అంటే పోటీకి ముందు దారి చూసి నోట్స్ రాసుకునే తిరుగుడు కూడా సాధారణ ట్రాఫిక్ మధ్య, వేగ పరిమితి పాటిస్తూనే జరుగుతుంది. జట్టుకు సాధారణంగా ఒక్కో స్టేజ్ (పోటీలో సమయం లెక్కించే రోడ్డు భాగం) మీద రెండుసార్లు తిరిగే అవకాశమే ఇస్తారు. కాబట్టి అరకు ఘాట్‌లో బోర్డు మీద ఉన్న వేగంతో వెళ్తూ నోట్స్ రాయడం అసలు రెక్కీకి చాలా దగ్గరగా ఉండే సాధన.

ఎక్కడ చేయాలి?

- మొదటి వారాలకు: యారాడ కొండ దారి. చిన్నది, ఎక్కడం దిగడం రెండూ ఉన్నాయి, ఒకే ఉదయంలో చాలాసార్లు తిరగొచ్చు.
- దూరాలు అంచనా వేయడానికి: భీమిలి వైపు బీచ్ రోడ్డు.
- అసలు పరీక్షకు: శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అరకు ఘాట్. టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ వరకు.

ఆదివారాలు వద్దు. డిసెంబరు, జనవరిలో పర్యాటకుల రద్దీ, పొద్దుటి మంచు రెండూ ఉంటాయి. వ్యూ పాయింట్ల దగ్గర రోడ్డు పక్కన ఆపిన కార్ల వల్ల మలుపే కనిపించదు. మామూలు వారంలో, వెలుతురు బాగా వచ్చాక బయల్దేరండి. దిగేటప్పుడు ఎక్కే వాహనానికి దారివ్వడం నియమం. నోట్స్ మధ్యలో ఉన్నామని దాన్ని మరవొద్దు.

2. వెంట ఉండాల్సినవి

- స్పైరల్ బైండింగ్ ఉన్న నోట్‌బుక్, గట్టి అట్టతో. పేజీకి ఐదారు వరుసలకు మించకూడదు.
- మెత్తని పెన్సిళ్లు కనీసం మూడు, రబ్బరు. పెన్ను వద్దు, చెరపడం కుదరదు.
- రెండో పాస్ (అదే దారిలో రెండోసారి తిరగడం) మార్పులకు ఒక రంగు పెన్సిల్.
- ముందు అద్దానికి బిగించిన కెమెరా లేదా ఫోన్, మీ మాటలు కూడా రికార్డ్ అయ్యేలా.
- స్టీరింగ్ మీద అంటించడానికి తెల్ల టేపు.
- మంచినీళ్లు, ప్లాస్టిక్ కవర్లు.

ఆ చివరిది ఎందుకంటే, ఘాట్‌లో తల వంచి రాస్తే చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఇది అలవాటుతో తగ్గుతుంది. బయల్దేరే ముందు కడుపు నిండా పూరీలు తినకండి, పూర్తి ఖాళీ కడుపుతోనూ వెళ్లకండి. ఒక వరుస రాయగానే తలెత్తి దూరంగా రోడ్డు వైపు చూడండి. మన దగ్గర ఘాట్ ప్రయాణమంటే అవోమిన్ వేసుకోవడం అలవాటు, కానీ అది మత్తు తెప్పిస్తుంది. నోట్స్ పనికి మత్తు పనికిరాదు. డ్రైవర్‌కైతే ఆ మాత్ర అసలే వద్దు.

3. కొలబద్ద కుదుర్చుకోవడం

రోడ్డెక్కే ముందు డ్రైవరూ మీరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. ఎక్కువమంది వాడేది 1 నుంచి 6 వరకు అంకెలు: 1 అంటే చాలా ముడుచుకున్న మలుపు, 6 అంటే దాదాపు తిన్నగా ఉన్నట్టే. పూర్తిగా వెనక్కి తిరిగేది హెయిర్‌పిన్. కొందరు అంకెల్ని తిరగేసి వాడతారు, అంటే 1 వాళ్లకు అన్నింటికంటే వేగమైన మలుపు. ఏదైనా సరే, ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకోండి.

అంకె ఎలా నిర్ణయించాలి? మొదట్లో స్టీరింగ్ కోణంతో పోండి. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు పైన నడిమధ్య టేపు ముక్క అంటించండి. మెల్లగా ఒక్కో మలుపు తిరుగుతూ ఆ టేపు ఎంతవరకు దిగిందో డ్రైవర్ చూసి అంకె చెబుతారు. యారాడ దారిలో ఒక ఉదయం ఇలా చేస్తే ఇద్దరి మనసులోనూ ఒకే కొలత స్థిరపడుతుంది.

తర్వాత దానికి తగిలించే మాటలు: లాంగ్, షార్ట్, టైటెన్స్ (ముడుచుకుంటుంది), ఓపెన్స్ (విచ్చుకుంటుంది), క్రెస్ట్ (ఎత్తు దాటే చోటు), కట్ (లోపలి అంచు మీదుగా కోసి వెళ్లొచ్చు), డోంట్ కట్ (కోయకూడదు), ఇంటు (వెంటనే), కాషన్ (జాగ్రత్త). వీటిని ఇంగ్లిష్‌లోనే ఉంచండి. రేపు మీరు కోయంబత్తూరు డ్రైవర్ పక్కనో, బెంగళూరు డ్రైవర్ పక్కనో కూర్చోవాల్సి రావచ్చు.

అంకె ఎంత కచ్చితంగా ఉందన్నదానికంటే, ప్రతిసారీ ఒకేలా ఉందా అన్నది ముఖ్యం. మీ 4 నిజానికి ఇంకొకరి 5 అయినా ఫర్వాలేదు. కానీ కొండ కింద 4 అన్న మలుపు లాంటిదే కొండపైన వస్తే దాన్ని 3 అనకూడదు. ఒక్కసారి అలా జరిగితే డ్రైవర్ మీ మాట వినడం మానేసి కంటితో నడుపుతారు. అక్కడితో నోట్స్ ఉన్నా లేనట్టే.

4. మొదటి పాస్: డ్రైవర్ చెబుతారు, మీరు రాస్తారు

ఎక్కడికక్కడ మలుపును చూసి పలికేది డ్రైవర్. మీ పని వేగంగా, విడిగా, చదవడానికి వీలుగా రాయడం. ఒక వరుసలో ఒకే సంగతి పెట్టండి. విడదీయలేని మలుపులైతేనే కలిపి రాయండి.

దూరాలు మీటర్లలో రాస్తారు, మలుపు చివర నుంచి తర్వాతి మలుపు మొదలు వరకు. కంటి అంచనా కుదరాలంటే బీచ్ రోడ్డులో రెండు దీపస్తంభాల మధ్య దూరాన్ని ఒకసారి టేపుతో కొలిచి, ఆ నిడివిని కంట్లో నింపుకోండి. 30, 50, 80, 100, 150 అనే మెట్లు సరిపోతాయి. 73 అని రాసి ఉపయోగం లేదు.

అనంతగిరి ఎక్కేటప్పుడు తరచూ ఎదురయ్యే రకం చోటు ఒకటి తీసుకుందాం. కొంచెం తిన్నని రోడ్డు, తర్వాత కుడికి తిరిగే మలుపు. మొదట తేలికగా కనిపిస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ ముడుచుకుంటుంది. లోపలి అంచున రాతి కాలువ. వెంటనే ఎడమకు హెయిర్‌పిన్, దాని లోపల కొండ నుంచి కారిన నీరు. పైన చిన్న గుట్ట దాటాక ఎడమ మలుపు, బయటి అంచున కంకర. దాన్ని ఇలా రాస్తాం:

60
రైట్ 4 లాంగ్ > 3, డోంట్ కట్, కాలువ
ఇంటు లెఫ్ట్ హెయిర్‌పిన్, లోపల తడి
100 క్రెస్ట్
లెఫ్ట్ 5, బయట కంకర

బాణం గుర్తు ముడుచుకోవడాన్ని చెబుతుంది. "ఇంటు" అంటే మధ్యలో ఊపిరి తీసుకునే చోటు లేదని. ఈ ఐదు వరుసల్లో డ్రైవర్‌కు కావాల్సినవన్నీ ఉన్నాయి, అక్కర్లేనిది ఒక్కటీ లేదు. లోయ ఎంత లోతుందో, చెట్టు ఏ జాతిదో రాయక్కర్లేదు.

ఇక్కడ మన దేశంలో సాధన చేసేవారు తప్పక గమనించాల్సింది ఒకటుంది. రెక్కీలో మీరు ఎడమ పక్కనే వెళ్తారు. కుడి మలుపుకు అది బయటి వైపు, కాబట్టి చూపు దూరం పోతుంది, మలుపు తేలికనిపిస్తుంది. ఎడమ మలుపుకు అదే లోపలి వైపు, చూపు ఆగిపోతుంది, మలుపు అసలుకంటే ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. పోటీ రోజున రోడ్డు మొత్తం మీదే. అందుకే ఎడమ మలుపులకు ఒక అంకె తక్కువ పడే ప్రమాదం ఎక్కువ. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు కాబట్టి అక్కడా ఇదే లెక్క. ఐరోపా ప్రధాన భూభాగంలో అది తిరగబడుతుంది.

చెట్ల వరుసనూ నమ్మకండి. కాఫీ తోటల మధ్య సిల్వర్ ఓక్ చెట్లు తిన్నగా పోతూ ఉంటాయి, రోడ్డు మాత్రం వాటిని వదిలేసి పక్కకు తిరుగుతుంది. రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే బిందువును చూడటం అలవాటు చేసుకోండి. అది మీ నుంచి దూరంగా జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోంది. ఉన్నచోటే ఉండి మీరు దగ్గరవుతుంటే ముడుచుకుంటోంది.

5. తారు మీద అసలు పని: ఉపరితలం

మట్టి రోడ్డులో పట్టు అంతటా తక్కువే, డ్రైవర్‌కు అది ముందే తెలుసు. తారు మీద పట్టు చాలా ఎక్కువ ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి పోతుంది. వేగం ఎక్కువ కాబట్టి దిద్దుకునే సమయం దొరకదు. అందుకే తారు నోట్స్‌లో మలుపు ఆకారంతో సమానంగా రోడ్డు ఒంటిమీద ఏముందో కూడా ఉండాలి.

చూడాల్సినవి:

- తారు రంగు మారిన చోట్లు. కొత్త తారు, అరిగి నున్నబడిన పాత తారు, హెయిర్‌పిన్‌లో వేసిన సిమెంటు, వీటి పట్టు ఒక్కోలా ఉంటుంది.
- ఎండ పడని మూలలు. పైన ఎండ కాస్తున్నా కొండ నీడలో తడి ఆరదు, నాచు కూడా పడుతుంది.
- రాలిన ఆకులు. జపాన్ ర్యాలీ నవంబరులో జరిగిన ఏళ్లలో అడవి దారుల్లో ఇదే పెద్ద సమస్య. మన ఘాట్‌లోనూ గాలివాన పడిన మర్నాడు చూడొచ్చు.
- రోడ్డు వాలు. మలుపు బయటి వైపుకు వాలి ఉంటే అంకె ఒకటి తగ్గించాలి.
- తారు అంచు విరిగి మట్టి కనిపించే చోట్లు.

ఈ చివరిది తారు ర్యాలీల్లో ప్రాణం. ముందు వెళ్లిన కార్లు మలుపును అడ్డంగా కోస్తూ లోపలి చక్రాలను అంచు దించుతాయి. దాంతో మట్టి, రాళ్లు తారు మీదికి వచ్చి పడతాయి. పొద్దున మీరు చూసిన శుభ్రమైన మలుపు మధ్యాహ్నానికి కంకర పరిచినట్టు ఉంటుంది. మొదట వెళ్లే కారుకు, ఇరవయ్యో కారుకు రోడ్డు ఒకటి కాదు.

కాబట్టి రెక్కీలోనే ప్రతి మలుపు లోపలి అంచును చూసి మూడు రకాలుగా రాసుకోండి: కోయొచ్చు, కొంచెమే కోయొచ్చు, కోయకూడదు. కాలువ, మైలురాయి, ఎత్తైన సిమెంటు అంచు ఉంటే మూడోదే. గడ్డిలో ఏముందో తెలియకపోతే కూడా మూడోదే. కోయగలిగిన చోట ఇంకో ఆలోచన కూడా చేయండి: అందరూ ఇక్కడ కోస్తారు కాబట్టి తర్వాత వచ్చేవారికి ఇక్కడ మట్టి తప్పదు. ఆ పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టుకోండి.

ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ తారు ర్యాలీల్లో దీనికోసం ప్రత్యేక జట్లు ఉంటాయి. పోటీ కార్ల కంటే ముందు స్టేజ్ మీద తిరిగి, ఎక్కడ మట్టి పడింది, ఎక్కడ తడి, ఎక్కడ మంచు అని నోట్స్‌లో రంగు పెన్నుతో మార్పులు రాసి అందిస్తాయి. మాంటే కార్లోలో ఒకే స్టేజ్‌లో పొడి తారు, తడి, గడ్డకట్టిన మంచు మూడూ ఎదురుకావచ్చు. అక్కడ ఈ మార్పులే టైర్ల ఎంపికను కూడా నడిపిస్తాయి.

సాధనలో దీన్ని ఇలా చేయండి: ఒకే దారిని ఎండ రోజున ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి చూడండి. రెండోసారి మార్పులన్నీ రంగు పెన్సిల్‌తో పాత నోట్స్ మీదే వేయండి. నాలుగు చినుకులకు ఒక దారి ఎన్నిచోట్ల మారుతుందో మీ పేజీలే చూపిస్తాయి.

6. రెండో పాస్: ఇప్పుడు మీరు చదవాలి

పాత్రలు మారతాయి. మీరు చదువుతారు, డ్రైవర్ విని సరిచూస్తారు. "అన్నా, ఇది నాలుగు కాదు, మూడు ప్లస్" (మూడు కంటే కాస్త తేలిక) అంటే వాదించకుండా దిద్దండి. నడిపేది ఆయన.

కారు ఆపి దిద్దుకోవాలంటే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, పూర్తిగా పక్కకు తీసి ఆపండి. మలుపులో ఎప్పుడూ వద్దు.

7. ఇంటి దగ్గర పని

వీడియో పెట్టుకుని నోట్స్ మళ్లీ చూడండి. మొత్తం కొత్తగా అందంగా తిరగరాయాలన్న ఆశ పుడుతుంది, దానికి లొంగకండి. తిరగరాసేటప్పుడు ఒక వరుస జారిపోయిందంటే పోటీలో అదే మలుపు దగ్గర బయటపడుతుంది. చదవలేని పేజీలు మాత్రమే తిరగరాసి, వీడియోతో వరుస వరుసా సరిచూడండి.

పేజీ ఎక్కడ ముగియాలో కూడా చూసుకోండి. కలిసి ఉన్న రెండు మలుపుల మధ్య పేజీ తిప్పాల్సి రాకూడదు, తిన్నని రోడ్డు దగ్గర తిప్పేలా ఉండాలి. పేజీ మూల మడిచిపెట్టుకుంటే వేలికి తొందరగా అందుతుంది.

ఘాట్‌కు వెళ్లలేని వారాల్లో అంతర్జాతీయ తారు ర్యాలీల ఆన్‌బోర్డ్ వీడియోలు (కారు లోపలి కెమెరా తీసినవి) పెట్టి, శబ్దం ఆపేసి, మీరే నోట్స్ రాయండి. తర్వాత శబ్దం పెట్టి ఆ కో-డ్రైవర్ ఏ క్షణంలో పలికారో గమనించండి. డ్రైవర్ సెబాస్టియన్ ఓజియే పక్కన కూర్చుని 8 ప్రపంచ టైటిళ్లు గెలిచిన జూలియన్ ఇంగ్రాసియా వీడియోలు దొరుకుతాయి. భాష ఫ్రెంచ్ అయినా లయ అర్థమవుతుంది: గొంతు పెరగదు, తొందర కనిపించదు, మాట ఆగదు.

8. చదవడం: సమయమే అంతా

ఒక మలుపులోకి తిరుగుతుండగా తర్వాతి మలుపు డ్రైవర్ చెవిన పడాలి. మరీ ముందు చెబితే మరిచిపోతారు, ఆలస్యమైతే ఆ మాట పనికిరాదు. తిన్నని రోడ్డు పెద్దదైతే దూరం చెప్పి ఆగండి, బ్రేక్ వేసే చోటుకు కొంచెం ముందు మలుపును మళ్లీ పలకండి.

బొటనవేలు ఎప్పుడూ చదువుతున్న వరుస మీదే ఉండాలి. తల ఎత్తి చూసే తీరిక తక్కువ కాబట్టి మలుపు మొదలైందా లేదా అన్నది నడుము ద్వారా, సీటు ద్వారా తెలుసుకోవాలి. ఇది సాధనలో మెల్లగానైనా వస్తుంది.

వరుస తప్పిపోతే? వెంటనే "లాస్ట్" (వరుస తప్పాను) అనండి. ఊహించి అంకె చెప్పడం కంటే ప్రమాదకరమైనది కో-డ్రైవర్ సీట్లో ఇంకోటి లేదు. డ్రైవర్ వేగం తగ్గించి కంటితో నడుపుతారు. ఈలోగా మీరు ముందున్న పెద్ద గుర్తును వెతకండి: హెయిర్‌పిన్, వంతెన, కూడలి. ఇందుకే ప్రతి పేజీలో కనీసం ఒక గుర్తుకు గీత గీసి ఉంచాలి.

9. తరచూ కనిపించే పొరపాట్లు, వాటి మందు

- అన్నీ రాయాలన్న ఆత్రం: చదివేలోపు మలుపు దాటిపోతుంది. ఒక వరుసను ఒకే ఊపిరిలో పలకలేకపోతే సగం కొట్టేయండి.
- ప్రతి మలుపుకూ కాషన్: నాలుగోసారికి దాని విలువ పోతుంది. పొరపాటైతే కారు నాశనమయ్యే చోట్లకు మాత్రమే ఉంచండి.
- లెఫ్ట్, రైట్ తారుమారు: అలసటతో వస్తుంది. రాసిన వెంటనే చేత్తో ఆ వైపు చూపిస్తూ పైకి పలకండి.
- టెన్షన్‌తో గొంతు పెంచడం: డ్రైవర్‌కూ అదే అంటుకుంటుంది. రికార్డింగ్ విని, ఎక్కడ గొంతు పెరిగిందో గుర్తించి, ఆ పేజీనే మళ్లీ మళ్లీ చదవండి.
- ఫ్లయింగ్ ఫినిష్‌తో (కారు ఆగకుండానే సమయం నమోదయ్యే ముగింపు గీత) నోట్స్ ఆపేయడం: గీత దాటాక కూడా కారు పూర్తి వేగంలో ఉంటుంది. స్టాప్ బోర్డు వరకు ఉన్న మలుపులన్నీ రాసి, చదవాలి.

10. టైమ్ కార్డు లెక్క

టైమ్ కార్డు అంటే దారిలోని కంట్రోళ్ల (సమయం నమోదు చేసే చోట్ల) దగ్గర మార్షల్, అంటే అక్కడి అధికారి, మీ సమయం రాసే కార్డు. నోట్స్ ఎంత బాగున్నా కార్డు లెక్క తప్పితే ర్యాలీ పోతుంది. ఒక కంట్రోల్ దగ్గర 9:14కి బయల్దేరారు, తర్వాతి కంట్రోల్‌కు ఇచ్చిన సమయం 47 నిమిషాలు. అంటే 10:01. కార్డును ఆ నిమిషంలోనే, అంటే 10:01:00 నుంచి 10:01:59 మధ్య మార్షల్ చేతికివ్వాలి. కంట్రోల్ ప్రాంతంలోకి కారు 10:00 నుంచి రావచ్చు, అంతకు ముందు రాకూడదు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆలస్యానికి నిమిషానికి 10 సెకన్లు, తొందరపడితే నిమిషానికి ఏకంగా 1 నిమిషం జరిమానా. 10:03కి ఇస్తే 20 సెకన్లు పోతాయి. 9:59కి ఇస్తే 2 నిమిషాలు పోతాయి. మార్షల్ రాసిన సమయాన్ని అక్కడే, వాళ్ల ఎదుటే చదివి సరిచూసుకోండి. కదిలాక అడిగి లాభం లేదు.

11. కారు ఆగిపోతే

స్టేజ్ మధ్యలో కారు ఆగితే నోట్‌బుక్ పక్కనపెట్టి ఈ వరుసలో కదలండి:

- ఇద్దరికీ దెబ్బలు లేకపోతే వెనక వచ్చే కార్లకు "ఓకే" బోర్డు చూపించండి. కనీసం మూడు కార్లకు కనిపించాలి.
- వైద్యసాయం కావాలంటే ఎర్రటి ఎస్‌ఓఎస్ బోర్డు. అది చూసిన కారు ఆగి తీరాలి.
- ఎర్ర త్రికోణం కారుకు కనీసం 50 మీటర్ల వెనక, కనబడేలా పెట్టండి. మలుపు వెనక ఆగితే మలుపుకు ముందే పెట్టాలి.
- ఆ తర్వాత రోడ్డు వదిలి, పైకి ఎక్కి నిలబడండి. మలుపు బయటి వైపు ఎప్పుడూ నిలబడొద్దు.

బోర్డు ఎక్కడుందో, బెల్ట్ ఎలా విప్పాలో కళ్లు మూసుకుని కూడా తెలిసేలా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

12. మొదటి సీటు ఎలా దొరుకుతుంది

మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. పోటీలో కూర్చోవాలంటే దాని లైసెన్స్ ఉండాలి. వైద్య పరీక్ష, ఇతర షరతులు ఏటా వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి దరఖాస్తు చేసుకోండి.

నేరుగా స్పీడ్ ర్యాలీకి పోకుండా ముందు టీఎస్‌డీ (టైమ్-స్పీడ్-డిస్టెన్స్) ర్యాలీల్లో నావిగేటర్‌గా చేయమని నా సలహా. అక్కడ వేగం కాదు, ఇచ్చిన సగటు వేగాన్ని పట్టుకోవడమే పోటీ. మామూలు కారు చాలు. రోడ్ బుక్ (దారి వివరాల పుస్తకం) చదవడం, టైమ్ కార్డు, ఒత్తిడిలో లెక్క, ఇవన్నీ తక్కువ ఖర్చుతో వస్తాయి. అక్కడ డ్రైవర్లతో పరిచయమవుతుంది. వాళ్లను కలిసేటప్పుడు మీ అరకు నోట్‌బుక్, దాని వీడియో రెండూ వెంట తీసుకెళ్లండి. మీరు రాసింది చదువుతూ వీడియోతో కలిపి వినిపించండి. సీటు అడగడానికి అంతకంటే మంచి దరఖాస్తు నాకు తెలియదు.